పదకొండయ్యేసరికి ఒక ఇల్లు

ఎండాకాలంలో ఊళ్లకు పోతున్నామంటే మా హనుమకొండలో ‘ఎక్కడికి’ అని అడగరు, ‘ఎన్నింటికి’ అని అడుగుతారు. పొద్దున నాలుగింటికి అంటే సరేనంటారు. ఎనిమిదింటికి అన్నామా, ‘పిల్లలను ఎండల పడేస్తరా ఏంది’ అని మందలింపు తప్పదు. మే నెలలో ఇక్కడ 44, 45 డిగ్రీలు వింత కాదు. పదకొండు దాటాక తారురోడ్డు మీద బండిలో కూర్చోవడం పెనం మీద కూర్చున్నట్టే.

అందుకే మా దిక్కు వేసవి ప్రయాణానికి ఒక లెక్క ఉంది. నాలుగింటికి కదలాలి, పదకొండయ్యేసరికి ఒక ఇల్లు చేరాలి, సాయంత్రం నాలుగైతే మళ్లీ కదలాలి. ఆ మధ్య ఐదు గంటలు ఎవరింట్లో అన్నది తేలితేనే దారి తేలుతుంది. చూడాల్సిన చోట్ల సంగతి ఆ తర్వాతే.

ఈ లెక్క చెబితే డెన్వర్‌లో ఉన్న మా అబ్బాయి నవ్వుతాడు. మేం అక్కడికి వెళ్లిన ఏడాది జూలైలో వాడు ఒక ఆర్‌వీ కిరాయికి తీసుకుని మమ్మల్ని ఎల్లోస్టోన్ తిప్పుకొచ్చాడు. 1872లో అమెరికా ప్రకటించిన మొదటి జాతీయ పార్కు అది. ఆర్‌వీ అంటే మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది అన్నీ అమర్చిన బస్సులాంటి బండి. చూసినవాళ్లంతా వంటిల్లు చూసి మురిసిపోతారు. నాకు మాత్రం వింతగా తోచింది కింద ఉండే ట్యాంకులు. మంచినీళ్లకు ఒకటి, వంట, స్నానం నీళ్లు పోయేందుకు ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. రాత్రి బండి ఆపుకునే క్యాంపుగ్రౌండులో కరెంటు, నీళ్ల పైపు, మురుగు గొట్టం మూడూ తగిలించుకునే వీలుంటే దాన్ని ఫుల్ హుకప్ అంటారు. కిరాయి కూడా ఎక్కువే. అది దొరకనప్పుడు డంప్ స్టేషన్ వెతుక్కుని మన ట్యాంకు మనమే ఖాళీ చేసుకోవాలి. చేతులకు తొడుగులు వేసుకుని, ముఖం ఒకవైపు తిప్పుకుని, లావుపాటి గొట్టం బిగిస్తున్న కొడుకుని చూసి మా ఆయన ‘దీనికోసమేనారా ఎంఎస్ చదివింది’ అన్నారు. వాడు నవ్వాడు గానీ గొట్టం మాత్రం వదల్లేదు.

దారిలో సాల్ట్‌లేక్ సిటీలో వాడి సోపతిగాడు ఉన్నాడు. ఇద్దరూ వరంగల్ ఎన్ఐటీలో కలిసి చదివారు. వాళ్లింట్లో కడుపునిండా తిన్నాం. కానీ ఇంటి ముందు రాత్రిపూట అంత బండి ఆపడానికి కాలనీ నియమాలు ఒప్పుకోవట. భోజనం చేసి, చేయి కడుక్కుని, మళ్లీ మా బండిలో మేం పడుకోవడానికి ఇంకో చోటికి పోయాం. సొంత మనుషులు ఉన్న ఊళ్లో పార్కింగుకు డబ్బు కట్టి పడుకోవడం నాకైతే మింగుడుపడలేదు.

మన దేశంలోనూ ఇలాంటి బండ్లు వస్తున్నాయి. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ టూరిజం విధానమే ప్రకటించింది. బండ్లు నిలుపుకునేందుకు పార్కులు కూడా అందులో భాగం. మంచిదే. మా వరంగల్లో మాత్రం కుటుంబమంతా కలిసి కదలాలంటే తుఫాన్ బండి మాట్లాడుకుంటాం. పెళ్లికీ అదే, మేడారం మొక్కుకీ అదే, కర్మకాండకీ అదే. వెనక ఎదురెదురు సీట్లు, పైన ఇనుప క్యారియర్, కిటికీలోంచి వచ్చేదే ఏసీ. టెంపో ట్రావెలర్ అయితే సుఖమే కానీ కిరాయి ఎక్కువ.

మాట్లాడుకునే పద్ధతి ఒకటి కొత్తవాళ్లు తెలుసుకోవాలి. దూరం పోయే బండ్లకు మామూలుగా కిలోమీటరు లెక్క కడతారు. రోజుకు కనీసం 250, 300 కిలోమీటర్లు తిరిగినట్టు లెక్క వేసి, డ్రైవర్ బత్తా, టోల్ పైన వేస్తారు. తిరుపతికి పోయేవాళ్లకు అది సరిపోతుంది. చుట్టాల ఇండ్లు చూసుకుంటూ పోయేవాళ్లం రోజంతా కలిపి అంత దూరం తిరగం, తిరగని దూరానికి డబ్బు కట్టినట్టవుతుంది. అందుకని మేం రోజు కిరాయి మాట్లాడుకుని డీజిల్ మేమే పోయించుకుంటాం. డ్రైవర్ తిండి, పడక కూడా చుట్టాల ఇంట్లోనే.

నిరుడు, అంటే 2025 మే నెలలో, కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు వచ్చాయి. బృహస్పతి మిథునరాశిలోకి వచ్చినప్పుడు, పన్నెండేళ్లకోసారి వచ్చేవి. 15 నుంచి 26 దాకా జరిగాయి. మా అత్తమ్మ ‘మల్ల పన్నెండేండ్లకు నేనుంటనా’ అంది. ఆ మాట తర్వాత ఇంట్లో చర్చ ఏముంటుంది? హైదరాబాద్ నుంచి మా అమ్మాయి పిల్లలతో వచ్చింది. మరిది వాళ్లు కలిశారు. క్యారియర్ మీదికి ఈతచాపలు, రెండు బగోనలు, టార్పాలిన్, బియ్యం సంచి ఎక్కాయి. లోపల ఇరవై లీటర్ల కూలింగ్ క్యాన్లు. చిన్న గ్యాస్ సిలిండర్ కూడా పెడదామని మా మరిది తెస్తే డ్రైవర్ ఎక్కనియ్యలేదు. ‘మనుషులెక్కే బండిల సిలిండర్ పెట్టొద్దన్నా, నిప్పంటుకుంటే తలుపు తీసేంత టైముండది’ అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ డ్రైవర్ మీద నాకు గురి కుదిరింది.

మనవడికి వాళ్ల మామ ఆర్‌వీ వీడియోలన్నీ చూపించి ఉన్నాడు. ఎక్కీ ఎక్కగానే సీట్ల కింద, వెనక తలుపు దగ్గర వెతికి ‘అమ్మమ్మా, బాత్రూం ఏది?’ అన్నాడు.

‘భూపాలపల్లిల ఉన్నది బిడ్డా’ అంది మా అత్తమ్మ.

అందరం నవ్వాం గానీ ఆడవాళ్లకు ఇది నవ్వులాట కాదు. దారిలో పెట్రోలు బంకుల్లో గదులుంటాయి, తాళాలూ ఉంటాయి. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. మా అమ్మాయి నీళ్లు తాగకుండా కూర్చోవాలని చూస్తుంది. మేలో అదింకా ప్రమాదం.

తెల్లవారేసరికి పాలంపేట చేరాం. రామప్ప గుడిని పొద్దున ఆరింటికి చూడాలి. పదింటికి పోతే చెప్పులు విడిచాక చూపంతా కాళ్ల కింది బండ మీదే ఉంటుంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పునాది కింద ఇసుక పోసి దాని మీద కట్టారు, శిఖరానికి నీళ్ల మీద తేలేంత తేలిక ఇటుకలు వాడారు. మోయాల్సిన బరువు తగ్గాలని అంత పైన అంత తేలిక ఇటుక. గోడలు ఎర్రటి ఇసుకరాయి, చూరు కింద నిలబడ్డ మదనికలు నల్లరాయి. ఏటవాలు ఎండ తగిలినప్పుడు ఆ నలుపు నిగనిగలాడుతుంది. ఒక మదనిక కాలికి ఎత్తు మడమల చెప్పులున్నట్టు కనిపిస్తాయి, పిల్లలకు అదే నచ్చింది. మేం పోవడానికి కొద్ది రోజుల ముందే మిస్ వరల్డ్ పోటీకి వచ్చిన అమ్మాయిలు ఇక్కడికి వచ్చి వెళ్లారు. గైడు మదనికల గురించి చెప్పినంతసేపూ వాళ్ల గురించీ చెప్పాడు.

గణపురం కోటగుళ్లు పైపైన చూశాం. గుడుల గుంపు పెద్దది, చాలావరకు శిథిలం. అక్కడ తీరికగా కూర్చోవాల్సింది. కానీ అప్పటికే తొమ్మిదిన్నర, అత్తమ్మ చీరకొంగు నెత్తిన వేసుకుంది.

భూపాలపల్లి సింగరేణి బొగ్గు ఊరు. చిన్నమ్మ వాళ్లింటికి పదిన్నరకు చేరితే ‘ఇంత ఆలస్యమా’ అని ఎదురొచ్చింది. మజ్జిగ, స్నానం, గిన్నప్పలు. సర్వపిండిని మా వరంగల్ దిక్కు గిన్నప్ప అంటాం, గిన్నెకు అద్ది కాలుస్తాం గనుక. కూలర్ ముందు చాపలు వేసి అందరినీ పడుకోబెట్టింది. ఆడవాళ్లం పడుకోలేదు. ఆ రోజే ఆమె తొక్కు పెట్టుకుంటోంది. కత్తిపీట మీద చిన్నాయన కాయ పెట్టి ఒక్క దెబ్బకు టెంకతో సహా రెండు చెక్కలు చేస్తుంటే, మేం జీడి తీసి, టెంక లోపలి పలుచని పొరను గుడ్డతో తుడిచి వేరే గంపలో వేశాం. ఆ పొర ఉంటే తొక్కు బూజు పడుతుందంటారు. కాచి చల్లార్చిన నూనె పోసి అల్లంవెల్లుల్లి ముద్ద, కారం, ఉప్పు, ఆవపిండి కలిపేసరికి మూడున్నర. ఐదు గంటల ఎండ అలా గడిచింది. మాకు అమెరికాలో మురుగు గొట్టం తగిలించుకునే చోటు దొరికింది, ఇక్కడ తుడవడానికి మామిడి ముక్కలు దొరికాయి. రెంటికీ కిరాయి ఉంటుంది. ఇక్కడి కిరాయి ఏమిటో పోయేటప్పుడు తెలుస్తుంది. బొట్టు పెట్టి జాకెట్ ముక్క పెట్టాలి, పిల్లల చేతిలో డబ్బులు పెట్టాలి, మళ్లీ వాళ్లు మన ఇంటికి వస్తే మనమూ ఇలాగే కూలర్ ముందు చాపలు పరవాలి.

రాత్రి పడక మహదేవపూర్‌లో, ఆడబిడ్డ వాళ్ల డాబా మీద. దసలి పట్టుకు పేరున్న ఊరు అది. చీకటి ఉండగానే లేచి కాళేశ్వరం పోయాం. ప్రాణహిత గోదావరిలో కలిసే చోటది. సరస్వతి అంతర్వాహినిగా వస్తుందని నమ్మకం. గుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి శివుడిది. గోదారి ఒడ్డున ఇసుక మీద చాలా దూరం నడవాలి. అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మా మరిది, డ్రైవర్ చెరోవైపు పట్టుకున్నారు. మునక వేశాక ఆమె మొదటి మాట: ‘నీళ్లు సల్లగున్నయి, ఇంకోటి ఏస్త.’ ఆదివారాలు బండ్లు కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోయాయని విన్నాం. మేం పనిదినం చూసుకుని పోవడంతో ఇబ్బంది లేకపోయింది.

అక్కడి నుంచి మేడారం. ఈ దారిలో ఐదు గంటలు గడపడానికి మాకు ఇల్లు లేని చోటు ఇదొక్కటే. ఉన్నది చెట్లు. సమ్మక్క సారలమ్మల జాతర రెండేళ్లకోసారి మాఘ పున్నమి దాపున జరుగుతుంది. 2024 ఫిబ్రవరి జాతరలో మా బండి తాడ్వాయి దగ్గర నిలిచిపోయి కదలనేలేదు. వేసవిలో ఆ రద్దీ ఉండదు. గద్దెల దగ్గర నింపాదిగా బెల్లం పెట్టుకోవచ్చు. ఇక్కడ విగ్రహాలు లేవు, అర్చన కోయ పూజారులది, బెల్లాన్నే బంగారమంటారు. జంపన్న వాగులో నీరు సన్నగిల్లింది. చెట్ల కింద టార్పాలిన్ కట్టి, మూడు రాళ్లు పెట్టి, కట్టెలు కొని, కోడిని కోసి వండాం. పక్క చెట్టు కిందివాళ్లు ఉప్పు అడిగారు, మేం వాళ్ల దగ్గర గంటె తీసుకున్నాం. ‘మా కాలంల పరదా కట్టిన ఎడ్లబండ్ల వచ్చెటోళ్లం, బండి కిందనే పండెటోళ్లం’ అని అత్తమ్మ మనవడికి చెబుతోంది. వాడికి ఈసారి బాత్రూం గుర్తు రాలేదు, చెట్టెక్కే పనిలో ఉన్నాడు.

తాడ్వాయి అడవి దారిలో తునికాకు కల్లాలు కనిపిస్తాయి. తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రం కల్లంలో అప్పగిస్తారు. కట్టలను వరసలుగా ఎండలో పేర్చి, తిరగేస్తూ ఎండబెడతారు. బీడీ చుట్టడానికి పోయే ఆకు అది. మనం తప్పించుకు తిరిగే ఎండే ఆ ఆకుకు కావాలి. వాన పడితే ఆకు పాడవుతుంది. ఒక కల్లం దగ్గర దిగితే ఒకామె పిల్లల దోసిళ్లలో తునికి పండ్లు పోసింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు.

చివరి సాయంత్రం లక్నవరం. కాకతీయుల కాలం చెరువు, దీవుల మధ్య వేలాడే వంతెన. నీళ్లు తగ్గినా గాలి చల్లగా ఉంది. బొగత జలపాతం కూడా చూపించమని అమ్మాయి అడిగింది గానీ మేలో అక్కడ బండలే కనిపిస్తాయి. వాజేడు దాకా పోయేది వానలు పడ్డాకే.

ఇంటికి చేరి సామాను దించుతుండగానే నర్సంపేట వదిన ఫోన్. ‘అందరిండ్లకు పోయిండ్రు, మా ఇల్లు యాదికి రాలేదా?’ నర్సంపేట మా దారిలో లేదని చెప్పి చూశాను, వినలేదు. వానాకాలంలో పాకాల చెరువు చూడ్డానికి ఎలాగూ అటు రావాలి, అప్పుడు వస్తామన్నాను. పాకాల నిండిందా లేదా అన్న మాట ఎత్తలేదు ఆమె, ఎన్ని పూటలుంటారని మాత్రం అడిగింది. రెండు పూటలన్నాను. మూడని ఖాయం చేసి ఫోన్ పెట్టేసింది.