గట్టి ఆయిల్ పోస్తే ఇంజన్ గట్టిపడదు

ఎండకాలం వస్తే టీవీల "హైదరాబాద్‌ల ఇయ్యాల ఇన్ని డిగ్రీలు" అని చెప్తరు గదా. ఆ లెక్క ఎక్కడిదంటే, బేగంపేట పాత ఎయిర్‌పోర్టు కాడున్న వాతావరణ కేంద్రంది. హైదరాబాద్ రికార్డులల్ల అన్నిటికంటె ఎక్కువ ఎండ 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. అన్నిటికంటె ఎక్కువ చలి 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. ఈ రెండు అంకెలు జర యాదిల పెట్టుకోండి తమ్ముళ్లూ, చెల్లెండ్లూ. ఆయిల్ డబ్బా కొనేటప్పుడు పనికొస్తయి.

"అన్నా, ఎండలు దంచుతున్నయి, చిక్కటి ఆయిల్ పొయ్యి" అని మెకానిక్‌ను అడిగేటోళ్లు మస్తుమంది. నేను గూడ గట్లనే అడిగిన. ఇరవై ఏండ్ల కిందటి ముచ్చట. సెకండ్ హ్యాండ్ల కొన్న వంద సీసీ బండి. ఓ షాపుల డ్రమ్ముల నుంచి మగ్గుతోని తోడి పోసిండ్రు. చిక్కగ కనవడ్డది, మంచిదే అనుకున్న. ఎక్కడిది, ఏం నంబరు అని అడగలే. రోహిణి కార్తెల రెండు డీఏపీ బస్తాలేసుకొని చెలక తొవ్వల పోతుంటే పిస్టన్ పట్టేసింది. బోరు చేయించి, పిస్టన్ మార్పిచ్చేటాలకు నెల కూలి పాయె. పని గూడ ఆగింది.

మన బండ్లు ఎక్కువ గాలితోని సల్లారేటియే. సిలిండర్ సుట్టు రెక్కలు రెక్కలు కనవడ్తయి గదా, వాటి నడుమ నుంచి గాలి పోతె వేడి గుంజుకపోతది. రేడియేటర్ లేదు, నీళ్లు లేవు. రోడ్డు మీద యాభైల పోతె మంచిగనే సల్లారుతది. కానీ చెలకల, వాగు ఇసుకల, బరువుతోని ఫస్టు గేరుల గుంజుతుంటే ఇంజన్ మస్తు తిరుగుతది, బండి మాత్రం మనిషి నడకంత పోతది. గాలి ఎక్కడిది? రెక్కల నడుమ బురద గట్టి ఎండితే ఇంక అంతే. ఊరు నుంచొచ్చి బేగంపేటల డెలివరీ చేసే మన పోరగాళ్లది గూడ గిదే కథ. రసూల్‌పుర సిగ్నల్ కాడ బండి ఆగుతది, ఇంజన్ ఆగదు. అసుంటప్పుడు లోపలి వేడిని మోసేది చానవరకు ఆయిలే. ఇనుము ఇనుముకు తాకకుంట నడుమ పొర లెక్క ఉండేది గూడ అదే.

బెల్లం పాకం చూసిండ్రు గదా, పొయ్యి మీదుంటే జారుతది, దించినంక చిక్కబడ్తది. ఆయిల్ గూడ అంతే. డబ్బా మీద 20డబ్ల్యూ50 అని ఉంటే, చల్లగున్నప్పుడు 20, వేడైతే చిక్కబడి 50 అయితదని చానమంది అనుకుంటరు. తప్పు. ఏ ఆయిలైనా వేడికి పల్చబడ్తది. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ, అంతే తేడా.

డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందటి నంబరు గడ్డకట్టే చలిల ఇంజన్ తిరుగుతదా లేదా చూసే పరీక్షది. 20డబ్ల్యూకు ఆ పరీక్ష మైనస్ 15 డిగ్రీల కాడ, 10డబ్ల్యూకు మైనస్ 25 కాడ. మన రికార్డు చలే 6.1 డిగ్రీలు. ఆదిలాబాద్ దిక్కు ఇంక జర ఎక్కువ చలి, అయినా మైనస్ 15 యాడ? గందుకే చలి కోసమని 0డబ్ల్యూ, 5డబ్ల్యూకు పైసలు పెట్టుడు మనకు దండుగ.

మనం చూడాల్సింది ఎనుక నంబరు. ఆయిల్ 100 డిగ్రీల వేడి మీదున్నప్పుడు ఎంత చిక్కగ ఉంటదో అది చెప్తది. 30 నంబరుకు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు, 50 నంబరుకు 16.3 నుంచి 21.9 లోపు. అంటే ఒకటిన్నర రెట్ల పైమాటే. చిన్న తేడా గాదు.

మరి 50 పోస్తే అయిపాయె గదా అంటరు. కాదు. స్ప్లెండర్‌కు కంపెనీ చెప్పేది 10డబ్ల్యూ30. దాని సందులు, ఆయిల్ పంపు ఆ పల్చదనానికే చేసిండ్రు. 50 పోస్తే పొద్దుగాల కిక్కు కొట్టంగనే ఆయిల్ మీదున్న హెడ్డు దాక ఎక్కనీకి ఆలస్యమైతది. ఇంజన్ అరుగుడు ఎక్కువ ఆ కొన్ని సెకండ్లల్లనే. పికప్పు తగ్గుతది, మైలేజీ తగ్గుతది. హిమాలయన్ 411కు మాత్రం 15డబ్ల్యూ50 చెప్తరు. గుట్టలెక్కే పెద్ద సింగిల్ సిలిండర్ అది, గాలికి తోడు ఆయిల్ కూలర్ గూడ ఉంటది. దాంట్ల 30 పోస్తే వేడి మీద పొర పల్చబడ్తది. రెండూ గాలితోని సల్లారేటియే, నంబర్లు మాత్రం వేరు.

బేగంపేటలనే ఇంకో సాక్ష్యం ఉన్నది. 2008 మార్చిల ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు పోయినయి గానీ, పాత ఎయిర్‌పోర్టుల పైలట్ల శిక్షణ అకాడమీ ఉన్నది. పైలట్లు నేర్చుకునే సెస్నా 152 అసుంటి చిన్న విమానాల్ల లైకమింగ్ ఇంజన్ ఉంటది. అది గూడ గాలితోని సల్లారేదే. ఆ కంపెనీ బయటి ఎండను బట్టి ఆయిల్ పట్టిక రాసిచ్చింది: 16 డిగ్రీల పైన ఉంటే 40 లేదా 50, 27 డిగ్రీల పైన 60 గూడ పొయ్యొచ్చు. అక్కడ "నాకు తెల్సు, చిక్కగ పొయ్యి" అనే మాట నడవది. పట్టిక చూస్తరు, పోస్తరు. మన బండ్ల బుక్కులల్ల గూడ కొన్నిట్ల గిసుంటి పట్టిక ఉంటది. రెండు మూడు నంబర్లు ఇస్తే ఎండకాలం, బరువు పని ఉన్నోళ్లు పెద్దది పట్టుకోండి. ఒక్కటే ఇస్తే అదే.

పాత బండి పొగ కొడ్తుంటే చిక్కటిది పోస్తరు. పొగ తగ్గుతది, రోగం తగ్గది. రింగులు, వాల్వు సీళ్లు చూపియ్యాలె.

ఇంకోటి, కారు ఆయిల్ మిగిలిందని బైకుల పొయ్యకుండ్రి. గేరు బైకుల క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్ల మునిగి ఉంటయి. జారుడు మందు కలిసిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతది. డబ్బా మీద జాసో ఎంఏ, లేకుంటె ఎంఏ2 అని ఉండాలె. ఎంబీ అంటే గేర్లు లేని స్కూటర్లకు. సీలు డబ్బా కొనుండ్రి, ఖాళీ డబ్బా కోసి పారెయ్యిండ్రి, మళ్ల నింపి అమ్మకుంట.

ఇప్పుడు ఊర్లల్ల పవర్ వీడర్లు వచ్చినయి. వాటిది ఇంక కష్టం. చానవాటికి ఆయిల్ పంపు లేదు, ఫిల్టర్ లేదు, లోపల చిన్న చెంచా అసుంటిది ఆయిల్‌ను చిమ్ముతది. హోండా జీఎక్స్ ఇంజన్లకు మామూలుగ 10డబ్ల్యూ30 చెప్తరు. మొదటి మార్పు 20 గంటలకో నెలకో, తర్వాత 100 గంటలకో ఆరు నెలలకో. కిరాయికి తిప్పేటోళ్లకు 100 గంటలు పది పన్నెండు రోజులల్ల అయిపోతయి. ఆరు నెలలని కూసుంటే ఇంజన్ ఖతం.

ఈ ముచ్చట్లన్నీ బండితోని ఇచ్చే బుక్కుల ఉంటయి. నా చేతికొచ్చినయి అన్నీ ఇంగ్లీషుల్నే ఉన్నయి. షోరూంల బండి తీసుకునేటప్పుడు తెలుగు బుక్కు అడుగుండ్రి. లేదంటె ఆయిల్ నంబరు, ఎంత పొయ్యాలె, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలె అని సర్వీసు కార్డు మీద తెలుగుల రాసియ్యిమనుండ్రి, రాసినంకనే తాళం తీసుకోండి.