ఎండకు పోయాయా, తెగులుకు పోయాయా?

ఒక మే నెలలో మూడేళ్ళ పాపను ఎత్తుకొని ఒక తల్లి మా పిల్లల విభాగానికి వచ్చింది. పాప బరువు వయసుకు చాలా తక్కువగా ఉంది, కనురెప్ప లోపల ఎరుపు లేదు. డాక్టరుగారు చూసి మందులు వ్రాసిన తరువాత, తిండి సంగతి మాట్లాడమని నా దగ్గరకు పంపారు. "ఇంట్లో కోళ్ళున్నాయా అమ్మా, పాపకు గుడ్డు పెడుతున్నావా?" అని అడిగాను. "ఇంకెక్కడి కోళ్ళు సిస్టరమ్మా, పన్నెండు ఉండేవి, వారం రోజుల్లో అన్నీ ఎండకు పోయాయి" అంది. ఉన్నప్పుడైనా పెట్టావా అంటే తల వంచుకుంది. గుడ్లు కొట్టులో అమ్మి ఆ డబ్బుతో పాపకు బలం టానిక్ కొన్నదట. పైగా ఎండాకాలం గుడ్డు వేడి చేస్తుందని అత్తగారు పెట్టనివ్వలేదట.

నేను మరికొన్ని ప్రశ్నలు అడిగాను. పగలు పోయాయా, రాత్రి పోయాయా? ఎప్పుడు పడితే అప్పుడు, తెల్లవారి గూడు తీస్తే రెండేసి పడి ఉండేవి అంది. రెట్ట ఏ రంగు? పచ్చగా, సున్నం కలిపినట్టు. మెడ? "మెలి తిరిగిపోయి ఆకాశంలోకి చూసేవి సిస్టరమ్మా." అది ఎండ కాదు, కొక్కెర తెగులు. రెండు మూడు చుక్కల టీకాతో, ఒక సూదితో ఆ పన్నెండు కోళ్ళలో చాలావరకు దక్కేవి.

మన పల్లెల్లో ఎండలు ముదిరే రోజుల్లోనే ఈ తెగులు కూడా తరచుగా వస్తుంది. అందుకే రెండూ ఒకటే అనుకుంటాము. ఎండకే పోయాయి, మనమేం చేస్తాము అని ఊరుకుంటాము. రెంటినీ వేరుచేసి చూడడం తెలిస్తే రెంటినుండీ కోళ్ళను కాపాడుకోవచ్చు.

ముందు ఎండ సంగతి. మన ఒంటి వేడి 37 డిగ్రీలైతే కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల దాకా ఉంటుంది. దానికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పట్టి నిలబడడం, చల్లని మట్టిలో గుంట చేసుకొని పడుకోవడం తప్ప దానికి వేరే దారి లేదు. పిల్లలను చేర్చుకునే ఆ రెక్కలనే మన ప్రభువు పోలికగా చెప్పాడు. రోహిణి కార్తెలో ఆ రెక్కలు విప్పి, నోరు తెరచి కోడి నిలబడిందంటే మనలను నీడ అడుగుతోందన్నమాట. బయట వేడి 32 డిగ్రీలు దాటినప్పటినుండే దానికి కష్టం మొదలవుతుంది. మనకు రెంటచింతల, భద్రాచలం, కొత్తగూడెం వైపు 45 డిగ్రీలు కూడా చూసిన వేసవులున్నాయి.

ఎండకు పోయే కోడి మధ్యాహ్నం, లేదా సాయంత్రం లోపు పోతుంది. బరువైన కోడి, గుడ్ల మీద పొదిగే పెట్ట ముందు పోతాయి. మిగిలినవి చల్లబడగానే తేరుకొని మేతకు వస్తాయి. ఆ తేడా గుర్తుపెట్టుకోండి.

నేను ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఎక్కువగా చూసే పొరపాటు గంప. పొద్దున నీడ చూసి, వేపచెట్టు కింద పిల్లలతో సహా పెట్టను గంప కింద మూసి, పైన రాయి పెట్టి కూలికి వెళ్తారు. పదకొండు గంటలకు నీడ జరిగిపోతుంది. గంప మాత్రం అక్కడే ఉంటుంది. సాయంత్రం వచ్చి చూసి గ్రద్ద ఎత్తుకుపోకుండా కాపాడామనుకున్నవి అన్నీ చచ్చి ఉన్నాయని ఏడ్చినవారిని చూశాను. మూయక తప్పకపోతే రోజంతా నీడ ఉండే చోట మూయండి. లోపల నీళ్ళ మూకుడు పెట్టండి. రేకుల గూడైతే పైన తాటాకు గాని వరిగడ్డి గాని మందంగా కప్పాలి, లేదా రేకుకు తెల్లగా సున్నం కొట్టాలి. గాలి తగిలే వైపు తడి గోనె పట్టా కట్టినా చాలా తేడా వస్తుంది. అయితే గాలి ఆడని గూడులో తడి పట్టా కడితే ఉక్క పెరిగి ఇంకా కీడు చేస్తుంది.

నీళ్ళు మట్టి పాత్రలో పెట్టండి, ప్లాస్టిక్ డబ్బాలో మధ్యాహ్నానికి కాగిపోతాయి. పది కోళ్ళకు మామూలు రోజుల్లో రెండు లీటర్లకు అటూ ఇటూ చాలు. ఎండల్లో దానికి రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కావాలి. ఒకే చోట కాక రెండు మూడు చోట్ల పెడితే బలహీనమైన కోడికి కూడా దొరుకుతాయి. నూకలు, జొన్నలు, తవుడు తెల్లవారుజామున, మళ్ళీ పొద్దుగూకే ముందు వేయండి. మిట్టమధ్యాహ్నం కడుపునిండా తింటే అరిగేటప్పుడు ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది. రొప్పే కోడి గుడ్డు పెంకు పలచబడుతుంది, కాబట్టి మేతలో కాస్త నత్తగుల్లల పొడి కలపండి. మునగాకు, తోటకూర ఇష్టంగా తింటాయి. మన పెద్దలు కుండలో తడి గడ్డి, పేడ పెట్టి బోర్లించి చెదలు పట్టి పిల్లలకు వేసేవారు. డబ్బు ఖర్చులేని మాంసకృత్తులు అవి. ఆ అలవాటు ఎందుకు మానుకున్నామో తెలియదు.

ఒక కోడి వాలిపోతే నీడలోకి తెచ్చి కాళ్ళు, జుట్టు తడపండి, ముక్కు ముందు నీళ్ళు పెట్టండి. గొంతులో బలవంతంగా పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక తెగులు. కొక్కెరనే పశువుల డాక్టర్లు రాణిఖేత్ వ్యాధి అంటారు, ఉత్తరాదిలో కొండల మీది ఒక ఊరి పేరు అది. ఇది వైరస్ వలన వస్తుంది, వచ్చాక మందు లేదు. నిద్రమత్తు, నోరు తెరచి ఊపిరి పీల్చడం, పచ్చని తెల్లని రెట్ట, తరువాత మెడ తిరగడం, కాళ్ళు పడిపోవడం. ఒక ఇంట మొదలైతే వీధంతా పోతుంది. సంతలో కొన్న కొత్త కోడిని వెంటనే మందలో కలపడం, చచ్చిన కోడిని చెత్తకుప్పలో వేయడం దీనికి తలుపు తెరచినట్టే. కొత్త కోడిని రెండు వారాలు వేరుగా ఉంచండి. చచ్చినదాన్ని లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చండి.

టీకా ఇలా ఉంటుంది. పిల్లకు 5 నుండి 7 రోజుల వయసులో కంట్లో ఒక చుక్క, నాలుగు వారాలకు మళ్ళీ ఒక చుక్క, ఎనిమిది వారాలకు రెక్క దగ్గర సూది. తరువాత ఆరునెలలకొకసారి సూది. ఆరోగ్యంగా ఉన్న కోడికే వేయించాలి. తెగులు తగిలాక వేస్తే ఉపయోగం లేదు. కాబట్టి ఎండలు ముదరక ముందే, ఫిబ్రవరి నెలలోనే చూసుకోవాలి.

ఏ జాతి మంచిదని చాలామంది అడుగుతారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన కేంద్రం పెరళ్ళ కోసమే వనరాజా, గ్రామప్రియ అనే రకాలను తయారుచేసింది. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే ఇవి వందకు పైగా పెడతాయి. కాని ఇవి పొదగవు, నాటుకోడి అంత చురుకుగా తప్పించుకోలేవు. నా సలహా, పదిలో రెండు మూడయినా నాటుపెట్టలను ఉంచుకోండి. పొదిగించడం మాత్రం మే నెలలో వద్దు, ఆ వేడికి గుడ్లు మురిగిపోతాయి, పెట్ట కూడా దక్కదు.

గుడ్డు వేడి చేస్తుందన్న మాట గురించి. ఎండాకాలమైనా పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు రోజుకొక గుడ్డు పెట్టవచ్చు. ఒక్క గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి, ఎ విటమిను, బి12 కూడా ఉంటాయి. ఏ టానిక్ సీసాలోనూ ఆ పాటి తిండి లేదు. రక్తం తక్కువగా ఉన్నవారు మాత్రం గుడ్డు తింటున్నాము కదా అని డాక్టరుగారిచ్చిన ఐరన్ మందు ఆపకూడదు. ఇంకొకటి, పెద్దమనిషి అయిన ఆడపిల్లలకు పచ్చి గుడ్డు నువ్వులనూనెతో తాగించే అలవాటు మన సంఘాలలో కూడా ఉంది. గుడ్డు మంచిదే, నువ్వులూ మంచివే, కాని పచ్చిగా వద్దు. పచ్చి గుడ్డుతో వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములు రావచ్చు, పైగా ఉడికిన గుడ్డు అరిగినంత బాగా పచ్చిది అరగదు. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడికించి పెట్టండి.

దానంతట అది చచ్చిన కోడిని వండుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ మార్చిలో మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక రెండేళ్ళ పాప ఆ వ్యాధితో మరణించింది. కూర కోసేటప్పుడు పచ్చిమాంసం ముక్కను పిల్లల నోటికి అందించే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది, దయచేసి మానండి. కోళ్ళను ముట్టినాక సబ్బుతో చేతులు కడగండి. ఒకేసారి చాలా కోళ్ళు చస్తే పశువుల ఆసుపత్రికి చెప్పండి, దాచవద్దు.

కోళ్ళగూడు మంచం పక్కన ఉండకూడదు. రాలిన గింజలకు ఎలుకలు వస్తాయి, ఎలుకలకు, గుడ్లకు పాములు వస్తాయి. ఎండాకాలం నేల మీద చాప పరచుకొని పడుకున్నవారిని కాటువేసిన కేసులు మన ఆసుపత్రికి ఏటా వస్తున్నాయి. గూడును ఇంటికి కొంచెం దూరంగా, నేలకు ఎత్తుగా కట్టండి.

ఇప్పుడు అసలు చిక్కు. టీకా మందు సీసాలో మామూలుగా వంద కోళ్ళకు సరిపడా ఉంటుంది. కలిపిన తరువాత రెండు గంటల్లో వాడేయాలి, అంతదాకా ఐసులో ఉండాలి. పది కోళ్ళున్న ఒక్క ఇంటికోసం సీసా తెరవడానికి ఎవరూ ముందుకు రారు. ఆ తల్లి ఊరిలో ఏం చేశారంటే, సంఘ కాపరిగారు ఆదివారం ప్రకటనల సమయంలో చెప్పారు. పదకొండు ఇళ్ళవారు, సంఘానికి చెందనివారు కూడా, కోళ్ళు లెక్క వ్రాసి ఇచ్చారు. ఒక యువకుడు పశువుల ఆసుపత్రి నుండి ఫ్లాస్కులో ఐసు వేసి మందు తెచ్చాడు. సోమవారం తెల్లవారకముందే, గూళ్ళు తెరవకుండానే, పశువుల డాక్టరుగారి సహాయకుడు ఇంటింటికీ వచ్చి వేసి వెళ్ళాడు. ఎనభై నాలుగు కోళ్ళకు గంటన్నర పట్టింది. ఆ తల్లివి అందులో నాలుగే, మళ్ళీ మొదలుపెట్టినవి. మీ ఊరిలో కూడా ఇలా చేయదలచుకుంటే ముందుగా మీ మండలం పశువుల ఆసుపత్రిలో మందు ఎప్పుడు వస్తుందో కనుక్కొని, ఆ తరువాతనే ఆదివారం ప్రకటన చేయించండి.