పాత పడవ మోటారు మళ్ళీ ఎలా తిరుగుతుంది?

మా ఊరికి బస్సు రాదు. గోదావరి దాటితేనే సంత, ఆసుపత్రి, ఈ హాస్టలు. అందుకని పడవ మోటారు ఆగితే ఊరు ఆగినట్టే. పోయినేడు వానల్లో మా పెద్దమ్మకి జ్వరం ఎక్కువై రాత్రిపూట పడవలో తీసుకెళ్తుంటే నది మధ్యలో మోటారు టక్కున ఆగిపోయింది. మావయ్య తాడు లాగితే కదల్లేదు. రాయిలా బిగుసుకుపోయింది. పడవ కిందికి కొట్టుకుపోతానే ఉంది. తెడ్లు వేసి ఎలాగో ఒడ్డు పట్టుకున్నాం. తెల్లారాక ఇంకో పడవ వచ్చింది. పెద్దమ్మ బతికింది. ఆ మోటారు ఎందుకు ఆగిందో, ఎలా బాగుపడిందో రాస్తాను.

అది పాత మోటారు. కాకినాడ వైపు సముద్రపు వేటకెళ్ళేవాళ్ళు వాడినది మావయ్య కొన్నాడు. లాంచీకి ఇంజను లోపల ఉంటుంది కదా, దీన్ని పడవ వెనక చెక్కకి బయట బిగిస్తారు. పైన ఇంజను, మధ్యలో పొడుగు కడ్డీ, కింద నీళ్ళలో రెక్కల చక్రం. అందుకే ఔట్‌బోర్డు మోటారు అంటారు. ఇలాంటివి జనంలోకి బాగా తెచ్చినవాడు ఓలే ఎవిన్‌రూడ్. నార్వేలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వెళ్ళాడు. 1909లో మిల్‌వాకీలో అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటిది ఒకటిన్నర హార్స్‌పవరు, బరువు 62 పౌన్లు, అంటే 28 కిలోలు. ఆయన భార్య బెస్ కంపెనీ వ్యవహారాలు, ప్రకటనలు చూసుకునేది. ఆ సంగతి నాకు భలే నచ్చింది. అమెరికాలో అరవై డెబ్భై ఏళ్ళ నాటి మోటార్లు వెతికి తెచ్చి బాగుచేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళకి అది సరదా, మాకు అవసరం. పని మాత్రం ఒకటే.

మావయ్య ఒక ముసలి మెకానిక్కుని తీసుకొచ్చాడు. మేం తాతా అనేవాళ్ళం. ఆయన ముందు సుత్తి పక్కన పెట్టించాడు. బిగుసుకున్న పిస్టన్‌ని కొడితే పగులుద్దంట. ప్లగ్గు తీసి ఆ బొక్కలో పలచని నూనె, కిరసనాయిలు కలిపి పోశాడు. నాలుగు రోజులు నాననిచ్చి, రోజూ పైచక్రాన్ని చేత్తో అటూ ఇటూ కొంచెం కదిపేవాడు. నాలుగో రోజు కిర్రుమని కదిలింది. మా పిల్లలందరం కేకలేశాం.

ఎందుకు బిగిసింది? ఈ మోటారుని నది నీళ్ళే చల్లబరుస్తాయి. కింది భాగంలో రబ్బరు రెక్కలున్న చిన్న చక్రం ఉంటుంది, దాన్ని ఇంపెల్లరు అంటారు. అది నీళ్ళని పైకి తోస్తుంది. ఇంజను చుట్టూ తిరిగిన నీళ్ళు వెనక సన్న ధారగా బయట పడతాయి. వరద గోదావరిలో ఎర్రమట్టి, ఇసుక. అవి రబ్బరుని అరగదీశాయి. తాత విప్పి చూపిస్తే రెక్కలు సగం లేవు. నీళ్ళు ఎక్కక ఇంజను కాగిపోయి పిస్టన్ సిలిండరుకి పట్టేసింది. ఆ రాత్రి ధార ఆగిపోయే ఉంటుంది, చీకట్లో ఎవరం చూడలేదు. ఇప్పుడు పడవెక్కితే నా కళ్ళు ఆ ధార మీదే.

సిలిండరులో గీతలు లోతుగా లేవు. సన్న ఎమరీ కాగితంతో నునుపు చేసి కొత్త రింగులు, కొత్త ఇంపెల్లరు వేశాడు. ప్లగ్గు బొక్క మీద బొటనవేలు పెట్టి తాడు లాగితే గాలి వేలిని తోసేసింది. అంటే లోపల ఒత్తిడి ఉన్నట్టు.

తర్వాత నిప్పురవ్వ. దీనికి బ్యాటరీ లేదు. పైచక్రంలో అయస్కాంతం ఉంది, అది తిరిగితే కాయిల్లో కరెంటు పుడుతుంది. పాయింట్లు అనే రెండు లోహపు ముక్కలు విడిపోయినప్పుడు ప్లగ్గు దగ్గర రవ్వ దూకుతుంది. వాటికి మసి పడితే రవ్వ రాదు, తుడిస్తే వస్తుంది.

కార్బొరేటర్లో పాత పెట్రోలు జిగురులా గడ్డకట్టింది. బ్రష్‌తో కడిగి, సన్న బొక్కల్లోంచి గాలి ఊదాలి. తీగ పెట్టి పొడిస్తే బొక్క పెద్దదైపోతుంది. బాగా పాత మోటార్లలో లోపల తేలే బిళ్ళ బెండుతో చేసి లక్క పూత వేస్తారు. ఇప్పటి పెట్రోలులో కలిపే ఎథనాల్‌కి ఆ పూత కరిగిపోతుంది.

ఇంజను నూనె పెట్రోల్లోనే కలపాలి. ఎంతో మోటారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఉంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ తెరవలేదు. నేను కూడబలుక్కుని చదివితే మావయ్య ఇన్నాళ్ళూ తక్కువ కలిపాడని తేలింది. ఇంకోటి, చక్రం రాయికి తగిలితే గేర్లు పాడవకుండా ముందు విరగడానికి ఒక మెత్తని పిన్ను ఉంటుంది. మావయ్య అక్కడ ఇనప మేకు పెట్టాడు! తాత బాగా తిట్టాడు.

చివరికి పీపాలో నీళ్ళు నింపి మోటారు కాలు అందులో ముంచి తాడు లాగారు. నీళ్ళు లేకుండా తిప్పితే కొత్త ఇంపెల్లరు కూడా కాలిపోతుంది. మూడోసారికి అందుకుంది. ముందు పొగ, తర్వాత ధార.

దసరా సెలవుల్లో గేరునూనె చూడాలి. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు దిగుతున్నట్టు. మేడమ్ గారూ, అక్కలూ, మీ పాత పళ్ళ బ్రష్‌లు పారెయ్యకండి. కార్బొరేటర్ కడగడానికి నాకివ్వండి.