“మిసెస్” అను మాట

ఇంగ్లీషు చదువు లేని యిండ్లలో సైతము చొరబడి, పీట వేసికొని కూర్చున్న పరభాషా పదములలో “మిసెస్” అనునది యొకటి. “మా మిసెస్ ఊరిలో లేదు”, “మీ మిసెస్‌ను గూడ తీసికొని రండి” అని పురుషులు పలుకుచుండుట మనము దినదినమును వినుచునే యున్నాము. ఆలు, ఇల్లాలు, భార్య అను మాటలయం దేదో మోటుతనము వారికి దోచును గాబోలు! ఎట్లున్నను మన పేరులకు ముందు నిలుచు మాట గావున, దాని పుట్టు పూర్వోత్తరములను మన సోదరీమణులు తెలిసికొనుట మంచిది.

మిసెస్ అనగా భార్య యని యర్థము గాదు. అది పేరునకు ముందు చేర్చెడి గౌరవవాచకము. పేరు లేక యొంటిగా నిలువదు. ఆంగ్లేయులును చనువు కొలది భార్య నీ మాటతో బేర్కొనుట కలదు గాని, అది నలుగురిలో వాడదగిన మర్యాదమాట కాదు. మన “శ్రీమతి”కి గూడ నిదే గతి పట్టినది. “శ్రీమతి” యనగా శ్రీ గలది. ఆ శ్రీ భర్త వలననే రావలెనని వ్యాకరణ మెచ్చటను చెప్పదు. అయినను “మా శ్రీమతి” యనిన నిపుడు భార్యయే.

మిసెస్‌కు మూలము “మిస్ట్రెస్”. మాస్టర్ యజమానుడు, మిస్ట్రెస్ యజమానురాలు. ఇంగ్లీషు వ్రాతలో నేటికిని నడుమ నొక రేఫము కనబడుటకు గారణ మిదియే. పలుకుబడిలో మాత్రము అది జారిపోయినది. పదునెనిమిదవ శతాబ్దిలో ఈ మాటకు బెండ్లితో నిమిత్తము లేకుండెను. తన క్రింద పనివాండ్రను గలిగి యింటిని గాని, అంగడిని గాని నడపు స్త్రీ కన్యయైనను మిసెస్‌యే. గొప్పవారి యిండ్లలో తాళపుచెవులు నడుమున గట్టుకొని దాసీలపై పెత్తనము చేయు స్త్రీని, ఆమె యవివాహితయైనను, ఇరువదవ శతాబ్దిలో గూడ మిసెస్ అనియే పిలిచెడివారు. చిన్న బాలికలకు వాడిన “మిస్” కూడ మిస్ట్రెస్ కుదింపే. ఒక తల్లి కడుపున బుట్టిన యీ రెండు మాటలు వయస్సును, హోదాను దెలుపుట మాని, పెండ్లియైనదా కాలేదా యని చెప్పు గుర్తులుగా గ్రమముగా మారినవి. మిస్టర్‌కు మాత్రమీ పరీక్ష లేదు. బ్రహ్మచారియైనను, మనుమలను ఎత్తిన తాతయైనను మిస్టర్‌యే!

అంతటితో నాగలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో భర్త పూర్తి పేరునకు ముందు మిసెస్ చేర్చి భార్యను వ్యవహరించుట మర్యాదయైనది. ఆమె సొంత పేరు విలాసములో నెచ్చటను గానరాదు. 1865లో మరణించిన నవలాకర్త్రి ఎలిజబెత్ గాస్కెల్‌ను లోకము చిరకాలము “మిసెస్ గాస్కెల్” అనియే యెరుగును. ఇన్ని గ్రంథములు వ్రాసిన చేతికి దన పేరు తనకు దక్కకపోయెను గదా! ఆ మర్యాద ప్రకారము విడాకులు పొందిన స్త్రీ భర్త పేరు తీసివేసి తన పేరు వ్రాసికొనవలెను. అనగా విలాసము చూడగనే సంగతి యందరికి దెలియును.

ఈ చిక్కు తీర్చుటకై అమెరికాలో 1901 నవంబరు 10వ తేదీని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణపు పత్రికలో నొక సూచన వెలువడెను. పెండ్లి ప్రసక్తి లేని “మిజ్” అను మాట యుండిన బాగని దాని భావము. అది యప్పటికి మరుగునపడెను. 1961లో షీలా మైకేల్స్ అను యువతి తన తోడియామెకు వచ్చిన పత్రిక పై విలాసములో నీ మాటను జూచి, మొదట అచ్చుతప్పనుకొని, పిమ్మట దాని యుపయోగమును గ్రహించి ప్రచారము చేసెను. 1972లో ఆ పేరుతోనే స్త్రీల పత్రిక యొకటి క్రమముగా వెలువడసాగెను. న్యూయార్క్ టైమ్స్ పత్రిక మాత్రము 1986 వరకు దానిని దన పుటలలోనికి రానీయలేదు. ఫ్రాన్సు ప్రభుత్వము 2012లో కన్యలను దెలుపు “మదమొజెల్” అను మాటను కచేరీ పత్రములనుండి తొలగించెను.

మన సంగతియో? భర్త గల స్త్రీకి జాబు వ్రాయునపుడు “మహాలక్ష్మీ సమానురాలగు” అనియు, భర్త పోయిన యామెకు “గంగాభాగీరథీ సమానురాలగు” అనియు పూర్వులు వ్రాయుచుండిరి. గంగ పవిత్రమైనదే, కాదన్నదెవరు? కాని జాబు విప్పినంతనే యామెను వైధవ్యమే ముందుగా బలుకరించెడిది. ఈ యొక్క విషయమున ఆంగ్లేయుల మిసెస్ దయగలది; భర్త గతించినను అది మారదు. అయితే యంతకంటెను జక్కని మాట మన చెంతనే యున్నది. “గారు” స్త్రీకిని బురుషునకును, కన్యకును గృహిణికిని, వితంతువునకును ఒక్కటే. అది యెవ్వరి మంగళసూత్రమును దడిమి చూడదు.

ఇక వాడుక మాట. మిసెస్ తరువాత ఇంటిపేరు రావలెను. మనవారు వేంకటరావుగారి భార్యను “మిసెస్ రావు” అందురు. రావు ఇంటిపేరు గాదు, ఆయన పేరు తోక! వీధిలో నలుగురు రావులున్నచో నలుగురు మిసెస్ రావులును ఒక్కమాటకే పలుకవలెను. తన సంతకమునకు ముందు మిసెస్ అని తానే చేర్చుట ఆంగ్లేయుల పద్ధతి గాదు. గౌరవవాచక మితరులు వాడవలసినది. వైద్యురాలికి డాక్టర్ అనిన జాలును, మరల మిసెస్ వలదు. పెండ్లి సంగతి తెలియని స్త్రీకి ఇంగ్లీషున జాబు వ్రాయునపుడు మిజ్ వాడవలెను. ఆమె తాను మిసెస్ అనియో మిస్ అనియో వ్రాసికొన్నచో, ఆమె కోరినదే వ్రాయవలెను. బ్యాంకులలోను, బడులలోను నింపు పత్రములయందు మూడు మాటలును వరుసగా నచ్చువేసి యుండును. అందు దేనిపై గుర్తు పెట్టవలయునో నింపువా రామెనే యడుగవలెను గాని, ప్రక్కనున్న పురుషుని గాదు.