గుండె ఆపరేషన్ అయ్యాక కరోనా భయం: అపోహలు – వాస్తవాలు

కరోనా రెండో వేవ్ ఢిల్లీని కమ్ముకొస్తున్న 2021 మార్చి 30న ఎయిమ్స్‌లో 75 ఏళ్ల పెద్దాయనకు బైపాస్ చేశారు. ఏప్రిల్ 3న ఐసీయూ నుంచి గదికి మార్చారు. 12న ఇల్లు చేరారు. జూన్ 25న రైలెక్కి కాన్పూర్ వెళ్లారు. ఆయన అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్.

ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కు చదువుతూ, నాన్నను ఆపరేషన్‌కు తెచ్చుకుని నాలుగో అంతస్తు అద్దెగదిలో ఉంచుకున్న పిల్లలకు రాష్ట్రపతి వసతులు ఎక్కడివి? నిజమే. కానీ ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతుక్కునే తీరు అందరికీ ఒకటే.

అపోహ: అంటువ్యాధి రోజుల్లో మంచం దిగకపోవడమే క్షేమం.

వాస్తవం: అన్నిటికన్నా హాని చేసే నమ్మకం ఇదే. కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు, ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా రావచ్చు. ఊపిరితిత్తులను పట్టే జబ్బు ఊళ్లో ఉన్నప్పుడే వాటిని బలంగా ఉంచుకోవాలి. ఊపిరి పీల్చే వ్యాయామానికి ఇచ్చే బంతుల స్పైరోమీటర్ మానొద్దు. దగ్గొస్తే దిండును ఛాతీకి గట్టిగా అదుముకుని దగ్గాలి. బయటికి వెళ్లలేకపోతే ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచినా నడకే. డాక్టర్ సరేనంటే మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కవచ్చు. వద్దన్నది బరువులు. రొమ్ము ఎముక అతకడానికి 6 నుంచి 8 వారాలు, కొందరికి 12 వారాలు పడుతుంది. అందాకా నాన్న చేత నీళ్ల క్యాన్ ఎత్తించకండి, గ్యాస్ బండ జరిపించకండి.

అపోహ: బీపీ మాత్రలు కరోనాను ముదురుస్తాయి.

వాస్తవం: 2020 మార్చిలో ఈ మాట పాకినప్పుడే, మాత్రలు ఆపొద్దని గుండె వైద్యుల సంఘాలు చెప్పాయి. తర్వాత బ్రెజిల్‌లో జరిగిన పరిశోధనలోనూ ఆపినందువల్ల మేలేమీ కనిపించలేదు.

అపోహ: రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లకు టీకా పనికిరాదు.

వాస్తవం: వేయించుకోవచ్చు. సూది గుచ్చినచోట కొన్ని నిమిషాలు నొక్కి పట్టుకుంటే చాలు. వార్ఫరిన్ వాడేవారు రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్ఆర్ అదుపులో ఉందో లేదో ముందు చూపించుకోవాలి. టీకా కోసం ఏ మాత్రా సొంతంగా ఆపకూడదు.

అపోహ: జ్వరమొచ్చినా ఆస్పత్రికి పోకూడదు, అక్కడే కరోనా అంటుకుంటుంది. కషాయంతో సరిపెట్టుకుందాం.

వాస్తవం: ఆపరేషన్ తర్వాత జ్వరం కరోనా వల్లే రానక్కర్లేదు. గాయానికి ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చు, గుండె చుట్టూ ఉన్న పొర వాచి ఉండవచ్చు. కషాయం ఈ రెంటికీ మందు కాదు. ముఖర్జీ నగర్‌కు దగ్గర్లోని జీటీబీ నగర్ స్టేషన్ నుంచి నేరుగా ఎయిమ్స్‌కు తీసుకెళ్లే మెట్రో 2020లో మార్చి 22 నుంచి సెప్టెంబరు 7 దాకా నడవలేదు. అప్పుడు కూడా వైద్యానికి వెళ్లేవారికి లాక్‌డౌన్ నుంచి మినహాయింపు ఉండేది. ఏప్రిల్‌లో మొదలైన ఈ-సంజీవని ద్వారా ఇంటి నుంచే డాక్టర్‌తో మాట్లాడే వీలూ వచ్చింది.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కుట్ల దగ్గర చీము పట్టినా, కదిలినప్పుడు ఛాతీ ఎముక టక్కుమన్నా ఆ రోజే సర్జన్‌కు చూపించండి. పడుకుంటే ఆయాసం వచ్చినా, ఛాతీ బిగపట్టినా తెల్లారేదాకా ఆగకండి. మాస్కు పెట్టి, వెంటనే అంబులెన్స్ కోసం 102కు ఫోన్ చేయండి.