ఊపిరితో నడిపిన బృందం

ఇంద్రావతి నదికి చేరువలోని భోపాల్‌పట్నం దాటి బస్తరు సీమలోనికి సాగితే దండామి మాడియాల నృత్యం ప్రసిద్ధం. అడవిదున్న కొమ్ములను తలపై ధరించిన పురుషులు మెడలో పొడవైన డోళ్లు వేలాడదీసుకొని, వాయిస్తూనే అడుగులు వేస్తారు. వెలుపల నిలిచి బెత్తం ఊపే నాయకుడు అక్కడ కానరాడు. లయను నడిపేవారూ నర్తకులలోని వారే. సముద్రాల కావల ఇదే తీరున, తానూ వాయిస్తూ బృందాన్ని నడిపిన ఘనుడు మౌతార్గాన్ విద్వాంసుడు జేమ్స్ కాటన్.

అమెరికా దక్షిణ ప్రాంతపు నల్లజాతి శ్రమజీవుల కష్టసుఖాలలో నుండి పుట్టిన గానం బ్లూస్. ఆ సీమలోనే, మిసిసిపీ రాష్ట్రంలోని ట్యూనికాలో 1935లో కాటన్ జన్మించారు. తల్లి మౌతార్గాన్‌పై రైలు కూతను, కోళ్ల అరుపును అనుకరిస్తుంటే విని వాద్యంపై మనసుపడ్డారు. రేడియోలో సనీ బాయ్ విలియమ్సన్ వాదనం విని ముగ్ధుడై, బాల్యంలోనే ఆయన్ను ఆశ్రయించి విద్య గడించారు. కొన్నేళ్లకు గురువు బృందాన్ని శిష్యునికి అప్పగించి ఉత్తరాదికి తరలిపోయారు. మీసాలైనా రాని నాయకుని చేతిలో అది అచిరకాలంలోనే చెదిరిపోయింది. వాయించడం వేరు, పదిమందిని కలిపి ఉంచడం వేరు అన్న పాఠం ఆయనకు ఆనాడే తెలిసివచ్చింది.

1954లో కాటన్ సుప్రసిద్ధ గాయకుడు మడీ వాటర్స్ బృందంలో చేరి పన్నెండేళ్లు పనిచేశారు. పది రంధ్రాల ఆ చిన్న వాద్యంలో ఊపిరి ఊదితే ఒక స్వరం, పీల్చితే మరొక స్వరం పలుకుతాయి. పీల్చే స్వరాన్ని నాలుకతో, గొంతుతో వంచినప్పుడు మనిషి మూలుగులాంటి నాదం వెలువడుతుంది. గాయకుని గొంతుకు బదులు పలకడం, అవసరమైనచోట ఊరకుండడం ఆ వాద్యకారుని ధర్మం. నాయకునికి కావలసినదీ ఆ నేర్పే కదా!

1966లో ఆయన సొంత బృందాన్ని స్థాపించారు. మరుసటి ఏడు తొలి ఆల్బమ్ వెలువడింది. వేదికపై పల్టీలు కొట్టేంతటి ఉత్సాహం ఆయనది. గిటారిస్టు మాట్ మర్ఫీ వంటి ఉద్దండులు ఆయన వెంట నడిచారు.

1990వ దశకం మధ్యలో విధి వక్రించింది. గొంతు క్యాన్సర్ సోకి, చికిత్సానంతరం కంఠస్వరం దాదాపు నశించింది. పాటగాడైన నాయకునికి ఇంతకన్న పెద్ద దెబ్బ ఏముంటుంది? అయినా ఆయన బృందాన్ని విడువలేదు. 1996 నాటి ఆల్బమ్‌కు మరుసటి ఏడు గ్రామీ పురస్కారం లభించింది. తరువాతి కాలంలో పాటను ఇతర గాయకులకు అప్పగించి, తాను కుర్చీలో కూర్చుండి, మౌతార్గాన్‌తోనే కచేరీని నడిపించారు. 2013లో వెలువడిన ఆల్బమ్‌లో పలువురు గాయకులు పాడగా, ఒక్క పాటను మాత్రం తన బొంగురు గొంతుతో తానే పాడారు. 2017 మార్చి 16న ఆస్టిన్ నగరంలో 81వ ఏట కన్నుమూశారు.

గొంతు నిండుగా ఉన్న లేత వయసులో నిలుపుకోలేని బృందాన్ని, గొంతు పోయిన ముదిమిలో నిలుపుకొన్నారు కాటన్. ఎదుటివాని పాటకు చోటిచ్చి, దానికి తన ఊపిరిని తోడుచేయడమే ఆయన నాయకత్వ రహస్యం.