ప్లాస్టిక్‌పై ‘పీపీ-టీడీ20’ అని ఉంటే కల్తీ అనుకోవాలా?

రివ్యూకి వచ్చిన వస్తువు ఏదైనా నేను ముందు బోర్లించి చూస్తాను. ఎయిర్ కూలర్ గ్రిల్ వెనకో, వాషింగ్ మెషీన్ ప్యానెల్ లోపలో చిన్న అక్షరాల్లో ‘పీపీ-టీడీ20’ అని ఉంటే అక్కడ ఆగుతాను. పీపీ అంటే పాలీప్రొపిలీన్. టీ అంటే టాల్క్, డీ అంటే పొడి, 20 అంటే బరువులో 20 శాతం. ఐఎస్ఓ 11469 ప్రకారం వేసే గుర్తు ఇది. టీ బదులు కే ఉంటే కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద.

"రాతిపొడి కలిపారా, అయితే కల్తీయే!" అంటారు చాలామంది. పొడితో ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ టాల్క్ చేసే పని వేరే ఉంది.

టాల్క్ మనకు కొత్తదేం కాదు, చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం రాయే. పొడి చేస్తే సన్నటి రేకులవుతుంది. కరిగిన పాలీప్రొపిలీన్ అచ్చులోకి వెళ్లి చల్లారేటప్పుడు, దాని పొడవాటి అణువుల గొలుసులు మడతలు పడి స్ఫటికాలుగా మారతాయి. పొడి లేకపోతే ఈ పని కొన్ని చోట్లే మొదలై, ఒక్కో స్ఫటికం పెద్దగా, గుండ్రంగా పెరుగుతుంది. టాల్క్ రేకులు పాలలో తోడు లాంటివి. లెక్కలేనన్ని చోట్ల ఒకేసారి స్ఫటికాలు పుడతాయి, చిన్నవిగానే ఆగిపోతాయి. అదీ సుమారు 10 డిగ్రీలు ఎక్కువ వేడి దగ్గరే మొదలవుతుంది కాబట్టి పార్టు అచ్చులోంచి త్వరగా బయటికొస్తుంది. మామూలు పీపీ చల్లారితే ఒకటిన్నర నుంచి 2 శాతం దాకా కుంచించుకుపోతుంది. టాల్క్ కలిపితే అది బాగా తగ్గుతుంది, ప్యానెల్ కొలత సరిగ్గా నిలుస్తుంది.

అసలు కిటుకు ఏంటంటే, స్ఫటికాల కోసమైతే ఒకటి రెండు శాతం టాల్క్ చాలు. మిగతాదంతా గట్టిదనం కోసం, కాస్త ఖర్చు కోసం కూడా! సుద్దపొడికి ఈ తోడుపెట్టే గుణం చాలా తక్కువ. అందుకే టీడీ, కేడీ రెండూ ఒకటే అనుకోవద్దు.

నష్టాలూ ఉన్నాయి. గీత పడితే తెల్లగా కనిపిస్తుంది, గట్టి దెబ్బ తగిలితే పగిలే అవకాశం ఎక్కువ. ఇంకోటి, "చేతికి బరువుగా ఉంది, క్వాలిటీ బాగుంది" అనుకుంటాం కదా? మామూలు పీపీ నీళ్లలో తేలుతుంది, టీడీ20 మునుగుతుంది. ఆ బరువు రాయిదే.

ఫోన్ బ్యాక్ ప్యానెల్‌కి, ఛార్జర్‌కి ఎక్కువగా వాడేది పాలీకార్బొనేట్. అందులో స్ఫటికాలే ఉండవు కాబట్టి ఈ లెక్క దానికి వర్తించదు. నేనైతే కూలర్ బాడీకి, ప్యానెల్‌కి టీడీ20 చూసి అభ్యంతరం చెప్పను. మూత, డబ్బా ఒకే ముక్కగా వచ్చి, మధ్యలో పల్చటి ప్లాస్టిక్కే మడత బందుగా ఉన్న వస్తువుపై ఆ గుర్తు కనిపిస్తే మాత్రం కొనను. రోజూ తెరిచి మూస్తుంటే అక్కడే తెగుతుంది.